గుండెకు 5 స్టార్లు, చర్మానికి 1: అమ్మకు పెట్టిన పేస్‌మేకర్, దాని తర్వాత చేయించిన ప్యాచ్ టెస్ట్ మీద నా రివ్యూ

ముందే ఒక మాట. పేస్‌మేకర్ పెట్టించుకోవద్దని ఎవరినీ భయపెట్టడానికి ఇది రాయడం లేదు. మా అమ్మ ఇవాళ మెట్లెక్కి దిగుతోందంటే అది ఆ చిన్న డబ్బా పుణ్యమే. రెండేళ్ళ కిందట నాడి నిమిషానికి 34కి పడిపోయి, వంటింట్లో నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే కుప్పకూలింది. ఈసీజీ తీసి కంప్లీట్ హార్ట్ బ్లాక్ అన్నారు, అంటే గుండె పై గదుల్లో పుట్టే కరెంటు కింది గదులకు అసలు చేరడం లేదు. మర్నాడే ఎడమ కాలర్ బోన్ కింద చర్మం కోసి, లోపల చిన్న జేబులాంటిది చేసి, రెండు వైర్ల పేస్‌మేకర్ పెట్టారు. మూడో రోజు ఇంటికి పంపించేశారు. కళ్ళు తిరగడం ఆగిపోయింది, మొహంలో రంగొచ్చింది, రాత్రిళ్ళు నాకు నిద్ర పట్టింది. గుండె పని వరకు ఆ పరికరానికి 5కి 5 ఇస్తాను, అందులో అర మార్కు కూడా తగ్గించను.

నా బాధంతా మిగతా దాని గురించే. ఆ డబ్బా దేనితో చేశారో పెట్టేవాళ్ళు చెప్పలేదు, అమ్మ ఒంటికి ఏది పడదో ఒక్కరూ అడగలేదు. అడక్కపోవడం వల్ల ఆవిడ తొమ్మిది నెలలు అవస్థ పడింది. ఆ అవస్థ, చివరికి అలర్జీ అని పట్టుకున్న ప్యాచ్ టెస్టు (పదార్థాలను చర్మానికి అతికించి చూసేది), ఇప్పుడున్న రెండో పరికరం, ఈ మూడింటి మీద నా అనుభవం రాస్తున్నాను. కంపెనీ పేరు, ఆస్పత్రి పేరు రాయడం లేదు. వాడే సరుకు చాలావరకు అన్ని కంపెనీలదీ ఒకే రకం కాబట్టి, ఒకరి పేరు రాస్తే ఇంకొకరిది పెట్టించుకుంటే చాలులే అని ఎవరైనా అనుకోవచ్చు, అది ఇంకా ప్రమాదం.

దురద ఆరో వారంలో మొదలైంది. అప్పటికి కుట్టు చక్కగా మానిపోయి సన్నటి గీతలా మిగిలింది. మొదట రెండు వేళ్ళతో అలా రుద్దుకునేది, ఏదో మాట్లాడుతూ మాట్లాడుతూ చెయ్యి అక్కడికే పోయేది. పది రోజులకు అక్కడ చర్మం ఎర్రబడింది. ఆ ఎరుపు అంచులు చూస్తే లోపలున్న డబ్బా ఆకారం పైకి అచ్చు గుద్దినట్టు కనిపించింది. ఒక రాత్రి దీపం కింద కూర్చోబెట్టి దగ్గరగా చూశాను. గుండుసూది తలకాయంత నీటి పొక్కులు, కొన్ని చితికి జిగురు కారి ఎండి పొరలు కట్టాయి. పైన తడిగుడ్డ వేసుకుని పడుకునేది. "లోపల గుండె బాగానే ఉందే, పైన తోలే నిప్పులా మండుతోంది" అనేది.

రివ్యూకి తీసుకెళ్తే మిషన్ పెట్టి చూసి బ్యాటరీ బాగుంది, వైర్లు బాగున్నాయి అన్నారు. దురద సంగతి చెబితే "గాయం మానేటప్పుడు దురద సహజమేనమ్మా" అని ఒక మాత్ర రాశారు. మానిపోయి నెలైంది కదండీ అన్నాను. నా మాట చెవిన పడ్డట్టే లేదు. ఈ ఒక్క విజిట్‌కి నేను 1 స్టార్ ఇస్తాను, అదీ పేస్‌మేకర్ చెక్ చేసిన టెక్నీషియన్ ఓపిగ్గా ఉన్నాడు కాబట్టి.

తర్వాత ఇన్‌ఫెక్షన్ గోల మొదలైంది. ఇక్కడ డాక్టర్లను తప్పు పట్టను, పట్టకూడదు కూడా. పేస్‌మేకర్ పెట్టిన చోట ఎర్రబడితే ముందు అనుమానించాల్సింది ఇన్‌ఫెక్షన్‌నే, ఎందుకంటే అలర్జీ కంటే అది ఎన్నో రెట్లు ఎక్కువ, వదిలేస్తే వైర్ల వెంట గుండె దాకా పాకుతుంది. జ్వరం లేదు కదా అని ధీమాగా ఉండటానికీ లేదు, పాకెట్ ఇన్‌ఫెక్షన్లు జ్వరం లేకుండానే నెలల తరబడి నెమ్మదిగా నడుస్తాయట. అమ్మకు రక్తం కల్చర్‌కి, అంటే క్రిములు పెరుగుతాయేమో చూసే పరీక్షకి పంపారు, తెల్లకణాలు, సీఆర్పీ (ఒంట్లో వాపు, ఇన్‌ఫెక్షన్ ఉంటే రక్తంలో పెరిగేది) చూశారు, గుండెకు ఎకో స్కాన్ తీశారు. అన్నీ నార్మల్. అయినా రెండు కోర్సులు యాంటీబయాటిక్ వాడించారు, ఏమీ తగ్గలేదు. ఒక జూనియర్ డాక్టర్ సూదితో లోపలి నీరు లాగి టెస్టుకు పంపుదాం అన్నాడు. పెద్ద డాక్టర్ గారు వెంటనే ఆపేశారు. ఆ సూదే లేని క్రిముల్ని లోపలికి తీసుకెళ్ళగలదు కాబట్టి పేస్‌మేకర్ జేబులోకి సూది పెట్టకూడదని మా ముందే అతనికి వివరించారు. మీకూ ఎవరైనా అలా అంటే ఒక్క నిమిషం ఆగి పెద్ద డాక్టర్‌ని అడగండి.

ఆ రోజే ఇంకో మాట చెప్పారు, విని నా గుండెలో రాయి పడింది. ఇన్‌ఫెక్షనే అని తేలితే డబ్బా ఒక్కటే కాదు, వైర్లతో సహా మొత్తం బయటికి తీసేయాలి. అదే అలర్జీ అయితే వైర్లు పడుతున్నంతవరకు వాటిని ఉంచి డబ్బా మాత్రం మార్చుకోవచ్చు. అంటే ఏది అన్నది సరిగ్గా తేల్చుకోవడం మీదే అమ్మకు జరగబోయే ఆపరేషన్ చిన్నదా పెద్దదా అన్నది ఆధారపడి ఉంది. అంత ముఖ్యమైన ప్రశ్నకు జవాబు వెతకడానికి మమ్మల్ని ఐదు నెలలు ఎవరూ సరైన చోటికి పంపలేదు, నాకు ఇప్పటికీ కోపం అందుకే.

ఆ మధ్యలో జరిగిన ఒక దండగ పని కూడా చెప్పాలి. అలర్జీ ఏమో అని నేనే అడిగితే, ఒక ల్యాబ్‌లో పెద్ద అలర్జీ ప్యానెల్ అని రక్తం తీసుకుని దుమ్ము, పుప్పొడి, గుడ్డు, వేరుశెనగ అంటూ నాలుగు పేజీల రిపోర్టు ఇచ్చారు. అన్నీ నెగెటివ్. హమ్మయ్య అలర్జీ కాదు అనుకున్నాం. తర్వాత తెలిసింది, ఆ టెస్టు చూసేది ఐజీఈ అనే యాంటీబాడీని. తిన్న కాసేపటికే దద్దుర్లు రావడం, ఊపిరాడకపోవడం లాంటి వెంటనే వచ్చే అలర్జీలకు అది. లోహాలకు, రెసిన్‌లకు (జిగురులా పోసి గట్టిపరిచే ప్లాస్టిక్‌లు) వచ్చేది ఆలస్యపు అలర్జీ, దాన్ని నడిపేవి తెల్లకణాల్లో ఒక రకమైన టీ కణాలు, అది రక్తంలో ఆ ప్యానెల్‌కి దొరకదు. శరీరం ఆ పదార్థాన్ని శత్రువుగా గుర్తుపట్టడానికే రోజులు, వారాలు పడుతుంది, అందుకే పేస్‌మేకర్ పెట్టిన వారాలకు, నెలలకు, ఒక్కోసారి ఏళ్ళకు కూడా బయటపడుతుంది. ఆ ప్యానెల్‌కి నా రేటింగ్ సున్నా. టెస్టు చెడ్డదని కాదు, మా ప్రశ్నకు ఆ టెస్టుకు ఏ సంబంధమూ లేదు, అమ్మేవాళ్ళకు ఆ సంగతి తెలిసి ఉండాలి.

చివరికి మా తమ్ముడు పట్టుబట్టి ఒక స్కిన్ డాక్టర్ గారి దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆవిడ అమ్మ ఛాతీ చూడకముందే చెవులు చూసింది.

"చిన్నప్పుడు గిల్టు కమ్మలు పెట్టుకుంటే ఏమయ్యేదమ్మా?"

"చెవులు పుండ్లు పడి రసి కారేదండీ డాక్టర్ గారూ. అందుకే బంగారం తప్ప ఏదీ పెట్టను. వాచీ కూడా స్టీలు పట్టీది పెట్టుకుంటే మణికట్టంతా దద్దుర్లే."

"ఈ మాట పేస్‌మేకర్ పెట్టేముందు ఎవరికైనా చెప్పారా?"

"ఎవరూ అడగలేదు కదండీ. మందులు ఏవైనా పడవా అనడిగారు, మందులన్నీ పడతాయన్నాను."

నేను పక్కనే ఉన్నాను. అమ్మకు గిల్టు పడదని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు, పేస్‌మేకర్‌కీ దానికీ సంబంధం ఉండొచ్చని ఒక్కసారి కూడా తోచలేదు. ఆస్పత్రి ఫారంలో మందుల అలర్జీకి గడి ఉంది, లోహాలకు గడి లేదు. ఆ ఒక్క గడి ఉండి ఉంటే చాలు అనిపించింది.

ఆ స్కిన్ డాక్టర్ దురద వచ్చిన చోటంతా గోటితో కాకుండా వేలి కొసతో మెల్లగా తడిమి చూసింది. డ్రెస్సింగ్ ప్లాస్టర్ జిగురు వల్ల వస్తే మొదటి వారంలోనే, ప్లాస్టర్ ఆకారంలో వస్తుంది, ఆపరేషన్‌కి ముందు పూసే అయోడిన్, క్లోర్‌హెక్సిడిన్ వల్ల అయినా అంతే, పైన రాసే యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్ వల్ల కూడా వస్తుంది, ఇవన్నీ ఒక్కొక్కటే అడిగి పక్కన పెట్టింది. కొందరికి డబ్బా పైన సన్నటి రక్తనాళాలు వలలా ఎర్రగా తేలతాయట, వేలితో నొక్కితే తెల్లబడతాయి, దురద ఉండదు, దానికి మందే అక్కర్లేదు, అది అలర్జీ కాదు. అమ్మది అదీ కాదు. పైగా అప్పటికి మోచేతి మడతల్లో కూడా దద్దుర్లు మొదలయ్యాయి. ప్యాచ్ టెస్ట్ చేద్దాం అంది, కానీ వెంటనే కాదు. వేరే డాక్టర్ దురద తగ్గాలని స్టెరాయిడ్ మాత్రలు ఇచ్చి ఉన్నారు, అవి ఒంట్లో ఉండగా టెస్టు చేస్తే ఉన్న అలర్జీ కూడా కనిపించకుండా పోతుంది. వాటిని ఒక్కసారిగా మానకుండా నెమ్మదిగా తగ్గించి, ఆపాక కొన్ని వారాలు ఆగి రమ్మంది. ఆ వారాలు అమ్మకు నరకం. వీపు మీద ఏ క్రీమూ రాయకూడదు కూడా.

ఇక ప్యాచ్ టెస్ట్ గురించి వివరంగా రాస్తాను, చేయించుకోబోయేవాళ్ళకు పనికొస్తుంది. సూదులు ఉండవు. వేలి గోరంత చిన్న చిన్న అల్యూమినియం గిన్నెల్లాంటివి వరసగా అతికించిన టేపులు ఉంటాయి, ఒక్కో గిన్నెలో ఒక్కో పదార్థం, చాలావరకు వ్యాజలైన్‌లో కలిపినది. నికెల్ (గిల్టు నగల్లో తరచూ ఉండే లోహం) సల్ఫేట్ అయితే 5 శాతం, ఎపాక్సీ రెసిన్ 1 శాతం, ఇలా దేనికి ఎంత కలపాలో లెక్క ఉంది. వాటిని వీపు పై భాగాన అతికించి, చుట్టూ చెరగని పెన్నుతో గీతలు గీసి నంబర్లు వేస్తారు. 48 గంటలు అలాగే ఉంచాలి. వీపు తడవకూడదు, చెమట పట్టే పని చేయకూడదు, వంగి లేవడం కూడా చూసుకుని చేయాలి. రెండో రోజు రాత్రి అమ్మ "వీపంతా చీమలు పాకుతున్నాయే" అంటే చెయ్యి పోనివ్వకుండా కబుర్లు చెబుతూ కూర్చున్నాను. 48 గంటలకు టేపులు పీకి ఒకసారి చూస్తారు, 96 గంటలకు మళ్ళీ చూస్తారు, లోహాలకు ఆలస్యంగా వచ్చే అవకాశం ఉంది కాబట్టి వారానికి మూడోసారి కూడా రమ్మన్నారు. ఈ మూడోసారి చాలామంది వెళ్ళరు, దయచేసి వెళ్ళండి. అమ్మకు కోబాల్ట్ ఏడో రోజునే బయటపడింది.

మామూలు వరస టెస్టుతో ఊరుకోకుండా ఆవిడ చేసిన అసలు పని ఇంకోటుంది. పేస్‌మేకర్ కార్డు మీదున్న మోడల్ నంబర్ పట్టుకుని కంపెనీకి రాసి, శరీరానికి తగిలే పదార్థాల జాబితా, వాటి చిన్న ముక్కలు తెప్పించింది. ఇలాంటి కిట్ కంపెనీలు ఇస్తాయని మాకు అప్పటిదాకా తెలియదు. రావడానికి మూడు వారాలు పట్టింది, కానీ వచ్చింది. ఆ ముక్కల్ని కూడా వీపు మీద పెట్టారు. ఫలితాలు ఇవి (ప్లస్‌లు ఎక్కువైతే అలర్జీ అంత గట్టిది): నికెల్‌కి రెండు ప్లస్‌లు, కోబాల్ట్‌కి ఒకటి, ఎపాక్సీ రెసిన్‌కి రెండు, డబ్బా పై భాగంలో ఉండే రెసిన్ ముక్కకు రెండు. వైర్ పైనుండే సిలికాన్ ముక్కకు ఏమీ లేదు. టైటానియంకి ఏమీ లేదు, కానీ ఆ నెగెటివ్‌ని గట్టిగా నమ్మొద్దని ఆవిడే చెప్పింది, టైటానియంకి నమ్మదగ్గ ప్యాచ్ పదార్థం ఇంకా లేదు, చర్మంలోకి సరిగ్గా ఇంకదు. అలాగే పాజిటివ్ వచ్చినంత మాత్రాన పేస్‌మేకరే కారణం అని రుజువైనట్టు కాదు, తీశాక తగ్గితేనే రుజువు అని కూడా చెప్పింది. తన టెస్టుకున్న లోటు తనే ముందు చెప్పిన మనిషిని మొదటిసారి చూశాను. ప్యాచ్ టెస్ట్‌కి 4, ఆవిడకు 5.

పేస్‌మేకర్‌లో ఏముంటుందో అప్పుడే నేర్చుకున్నాను, పెట్టకముందే ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది. బయటికి కనిపించే మెరుపు డబ్బా టైటానియం. దాని నెత్తిన అద్దంలా ఉండే భాగాన్ని హెడర్ అంటారు, వైర్లు దూర్చేది అందులోనే, అది ఎపాక్సీ లేదా పాలీయురేథేన్ లాంటి ప్లాస్టిక్. వైర్ల పైతొడుగు సిలికాన్ లేదా పాలీయురేథేన్. లోపలి తీగ ఎంపీ35ఎన్ అనే మిశ్రమ లోహం, అందులో నికెల్, కోబాల్ట్, క్రోమియం, మాలిబ్డినం ఉంటాయి, కానీ అది తొడుగు లోపల ఉంటుంది కాబట్టి తొడుగు బాగున్నంతకాలం ఒంటికి తగలదు. గుండెకు ఆనే కొస ప్లాటినం, ఇరిడియం. అంటే అమ్మకు చిన్నప్పటి నుంచి పడని నికెల్‌ని అందరం అనుమానించాం గానీ, తోలు మీద ఎక్కువ అల్లరి చేసింది హెడర్‌లోని రెసినే అయ్యుండాలని డాక్టర్ల అంచనా. బాగా గట్టిపడిన ఎపాక్సీ మామూలుగా ఒంటికి ఏమీ చేయదట, గట్టిపడకుండా మిగిలిపోయిన కొంచెం పచ్చి రెసిన్ చాలు పడనివాళ్ళకు.

ఈ ఎపాక్సీకి పెద్ద చరిత్రే ఉంది. 1958లో స్వీడన్‌లో ఆర్నే లార్సన్ అనే ఆయనకు ప్రపంచంలో మొదటిసారి ఒంట్లో పేస్‌మేకర్ పెట్టారు, తయారుచేసింది రూనె ఎల్మ్‌క్విస్ట్, పెట్టిన సర్జన్ ఓకె సెన్నింగ్. దాన్ని ఎపాక్సీ రెసిన్‌లోనే పోతపోశారు, పోతకు అచ్చుగా వాడింది బూట్ పాలిష్ డబ్బా. మొదటిది గంటల్లోనే ఆగిపోయింది, అయినా లార్సన్ ఆ తర్వాత ఇరవైకి పైగా పేస్‌మేకర్లు మార్చుకుంటూ 2001 దాకా, 86 ఏళ్ళు బతికాడు. అది చదివిన రోజు అమ్మకు చెప్పాను, "అన్నిసార్లు కోయించుకున్నాడా పాపం, నాది రెండోసారేగా" అని కాస్త ధైర్యం తెచ్చుకుంది. పేస్‌మేకర్ వల్ల చర్మానికి అలర్జీ వచ్చిందని వైద్య పత్రికలో 1970లోనే రాశారు. అంటే యాభై ఏళ్ళు దాటిన సంగతి. అరుదే, ఒప్పుకుంటాను. అరుదు కాబట్టే ఎదుట కనిపించినప్పుడు గుర్తుకు తెచ్చుకునేవాళ్ళు ఉండాలి.

ఇప్పుడు పరిష్కారం. క్రీములతో నెట్టుకురావచ్చా అంటే, స్టెరాయిడ్ క్రీమ్ రాసినన్నాళ్ళు తగ్గి మానగానే వస్తోంది, కారణం లోపలే ఉంది కాబట్టి. మా ముందు మూడు దారులు పెట్టారు. బంగారు పూత పూసిన పేస్‌మేకర్ ఒకటి. కానీ బంగారం కూడా కొందరికి పడదు, అమెరికన్ కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ 2001కి 'ఈ ఏటి అలర్జెన్' అని ప్రకటించింది బంగారాన్నే. పైగా పూత డబ్బాకే గానీ హెడర్‌కి కాదు, అమ్మ సమస్య హెడర్. రెండోది వైర్లు లేకుండా నేరుగా గుండెలోనే కూర్చునే లీడ్‌లెస్ పేస్‌మేకర్. నేను ఎగిరి గంతేశాను, చర్మం కింద ఏమీ ఉండదు కదా అని. డాక్టర్ గారు వద్దన్నారు. మైక్రా లాంటి లీడ్‌లెస్ పేస్‌మేకర్లు గుండె గోడను పట్టుకునే కొక్కేలు నిటినాల్ అనే మిశ్రమ లోహానివి, నిటినాల్‌లో సగానికి పైగా నికెలే. చర్మంలో వచ్చే దద్దుర్లు గుండెలో కూడా వస్తాయని రూల్ లేదు గానీ, నికెల్‌కి రెండు ప్లస్‌లు ఉన్న మనిషికి మొదటి దారిగా అది పెట్టను అన్నారు. మూడోది పీటీఎఫ్ఈ రేకు, నాన్‌స్టిక్ పెనాల మీద పూసే పదార్థం కుటుంబమే, ఆపరేషన్లలో వాడేది గుడ్డలా మెత్తగా ఉంటుంది. కొత్త డబ్బాను హెడర్‌తో సహా దాంట్లో మూటలా చుట్టి కుట్టి పెట్టడం. మేం దీన్నే ఎంచుకున్నాం.

చుట్టడం వల్ల ఒక చిక్కుంది, మీరూ అడిగి తెలుసుకోండి. కొన్ని పేస్‌మేకర్లలో కరెంటు వైరు కొస నుంచి బయల్దేరి డబ్బా దాకా తిరిగొచ్చేలా సెట్ చేస్తారు, దాన్ని యూనిపోలార్ అంటారు. డబ్బాను రేకులో చుట్టేస్తే ఆ దారి మూసుకుపోతుంది. అమ్మ వైర్లు బైపోలార్, అంటే రెండు కొసలూ వైరులోనే ఉన్నాయి కాబట్టి ఇబ్బంది రాలేదు. గుండె లయ ప్రమాదకరంగా తప్పితే షాక్ ఇచ్చే ఐసీడీ అనే పరికరం ఉన్నవాళ్ళకు ఇది ఇంకా పెద్ద విషయం, చాలా ఐసీడీలలో షాక్ వెళ్ళే దారిలో డబ్బా కూడా ఒక కొస, దాన్ని చుట్టేయడం అంత తేలిక కాదు. ఐసీడీ ఉన్నవాళ్ళు మా కథ చూసి "నాకూ చుట్టేయండి" అనకుండా గుండె కరెంటు సంగతి చూసే ఎలక్ట్రోఫిజియాలజీ డాక్టర్‌తో కూర్చుని మాట్లాడండి.

ఆపరేషన్ రోజు టెన్షన్ మాటల్లో చెప్పలేను. అమ్మ గుండె పూర్తిగా పేస్‌మేకర్ మీదే ఆధారపడి ఉంది, పాతది తీసి కొత్తది పెట్టేలోపు కొట్టించేదెవరు? ముందుగా కాలి దగ్గర నరంలోంచి తాత్కాలిక వైరు గుండెలోకి పంపి బయటి మిషన్‌తో నడిపించారు. పాత జేబులోంచి డబ్బా తీసి, అక్కడి కణజాలం ముక్కను కల్చర్‌కీ, మైక్రోస్కోప్ పరీక్షకీ పంపారు. క్రిములేవీ పెరగలేదు, లింఫోసైట్లు (టీ కణాలు ఈ రకం తెల్లకణాలే) గుంపులుగా ఉన్నాయని రాశారు. ఆ కాగితం చూశాకే మా కార్డియాలజిస్ట్ గారు "ఇన్‌ఫెక్షన్ కాదమ్మా, ఇక ఆ మాట మర్చిపోండి" అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది.

రెండో పరికరం గురించి. మూట కాబట్టి కొంచెం లావుగా ఉంది, చేత్తో తడిమితే అంచులు మొదటిదానంత పదునుగా తగలవు, మెత్తగా ఉంటాయి. మొదటి రెండు వారాలు నీరు చేరి వాచింది, దానంతటదే తగ్గింది. ఒంట్లో ఇంకో వస్తువు ఎక్కువ పెట్టినట్టే కాబట్టి ఇన్‌ఫెక్షన్ జాగ్రత్త ఎక్కువ చెప్పారు. దురద మూడో రోజు నుంచే తగ్గడం మొదలైంది, ఐదో వారానికి ఎరుపు పోయింది, మోచేతుల మడతలు కూడా ఎవరూ ఏమీ రాయకుండానే మానిపోయాయి. నాకు అన్నిటికంటే పెద్ద సాక్ష్యం ఆ మోచేతులే, ఎందుకంటే వాటి మీద ఎవరూ కత్తి పెట్టలేదు. 5కి 4 ఇస్తాను. ఆ ఒక్కటి ఎందుకు తగ్గించానంటే బ్యాటరీ అయిపోయినప్పుడు ఈ చుట్టడం అంతా మళ్ళీ మొదట్నించీ చేయాలి, అప్పుడు ఉండే డాక్టర్‌కి ఇదంతా తెలిసి ఉండాలి.

స్టెంట్లు, గుండెలో రంధ్రం మూసే పరికరాల గురించి కూడా చాలామంది అడుగుతారు కాబట్టి నాకు తెలిసింది చెబుతాను. రంధ్రం మూసే పరికరాలు చాలావరకు నిటినాల్ తీగ అల్లికవే. పెట్టిన మొదటి నెలలో రక్తంలో నికెల్ పెరిగి తర్వాత మెల్లగా తగ్గుతుంది, పైన పొర కప్పుకుంటుంది కాబట్టి. నికెల్ పడనివాళ్ళలో కూడా ఎక్కువమంది ఏ ఇబ్బందీ లేకుండా ఉంటారు, కొద్దిమందికి ఛాతీలో పట్టేసినట్టు ఉండటం, గుండె దడ, తలనొప్పి, దద్దుర్లు వస్తాయి, అరుదుగా తీసేయాల్సి వస్తుంది. స్టెంట్లలో స్టీలువైనా, కోబాల్ట్ క్రోమియంవైనా ఎంతో కొంత నికెల్ ఉంటుంది. నికెల్, మాలిబ్డినం అలర్జీ ఉన్నవాళ్ళలో స్టెంట్ మళ్ళీ పూడుకుపోవడం ఎక్కువని 2000లో లాన్సెట్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది, తర్వాతివి అన్నీ దాంతో ఏకీభవించలేదు. హార్ట్ ఎటాక్‌తో బల్ల మీద పడుకున్నప్పుడు గిల్టు కమ్మల సంగతి తలుచుకుని స్టెంట్ వద్దనడం మాత్రం ఎవరూ చేయొద్దు. రక్తనాళం ముందు తెరుచుకోవాలి. తొందర లేని ఆపరేషన్ అయితే, మీకు లోహాలు పడవని తెలిసి ఉంటే, ముందే చెప్పి టెస్టు చేయించుకోవడానికి టైం ఉంటుంది. చరిత్ర ఏమీ లేనివాళ్ళందరికీ ముందస్తు ప్యాచ్ టెస్ట్ అక్కర్లేదనే మా స్కిన్ డాక్టర్ గారూ చెప్పారు.

పెట్టించుకోబోయేవాళ్ళు నాకు ఫోన్ చేస్తే నేను అడిగేవి కొన్నే. గిల్టు నగ, వాచీ పట్టీ, జీన్స్ గుండీ, ప్యాంటు బకిల్, వీటిలో ఏదైనా మీకు దద్దుర్లు తెచ్చిందా? ఎప్పుడైనా ఎపాక్సీ జిగురు, పెయింట్లు, ఫ్లోరింగ్ పని చేసి చేతులు పగిలాయా? పళ్ళకు కట్టిన లోహం తొడుగు వల్ల నోరు పూసిందా? ఉంటే ఆ మాట నోటితో చెప్పి ఊరుకోకండి, కేస్ షీట్‌లో రాయించండి. పెట్టాక ఇచ్చే కార్డును పారేయకండి, మాకు కిట్ తెప్పించింది ఆ కార్డు మీది మోడల్ నంబరే. దురద మొదలైన రోజు నుంచి వారానికో ఫొటో ఒకే వెలుతురులో తీసి పెట్టుకోండి, తారీఖుతో. మా తమ్ముడి ఫోన్‌లో ఉన్న ఫొటోలే స్కిన్ డాక్టర్ గారికి అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చాయి. మీరే సొంతంగా యాంటీబయాటిక్‌గానీ స్టెరాయిడ్‌గానీ మొదలుపెట్టకండి, రెండూ అసలు జబ్బును కప్పిపెడతాయి. చీము, జ్వరం, చలి, చర్మం పలచబడి డబ్బా అంచు పైకి కనిపించడం, ఇవి ఉంటే అలర్జీ అని ఇంట్లో కూర్చోకుండా ఆ రోజే వెళ్ళండి.

మొదటి ఆస్పత్రి వాళ్ళకు నేను ఒక ఉత్తరం రాశాను, ఫారంలో లోహాలకు, జిగుర్లకు ఒక గడి పెట్టమని. మూడు నెలలకు జవాబు వచ్చింది, పెట్టారట. చూసి వచ్చినవాళ్ళు ఉందని చెప్పారు. అందుకని వాళ్ళకిచ్చిన 1 స్టార్‌ని 2 చేస్తున్నాను.

డబ్బా మార్చి ఇప్పటికి 14 నెలలు. పోయిన వారం చెకప్‌లో బ్యాటరీ ఇంకా తొమ్మిదేళ్ళకు పైగా చూపించింది, వైర్లు రెండూ బాగున్నాయి. డబ్బా ఉన్న చోట చర్మం మామూలు రంగులో ఉంది, రెండో కోత గీత ఒక్కటే కొద్దిగా తెల్లగా మెరుస్తోంది. అమ్మ పేస్‌మేకర్ కార్డు వెనక నేనే పెన్నుతో రాశాను: నికెల్, కోబాల్ట్, ఎపాక్సీ పడవు, జనరేటర్ (డబ్బా) పీటీఎఫ్ఈలో చుట్టి ఉంది, యూనిపోలార్‌కి మార్చవద్దు. చెకప్‌లో కొత్తగా వచ్చిన టెక్నీషియన్ మిషన్ ముట్టుకోకముందే ఆ కార్డు తిప్పి వెనక వైపు చదివాడు.